పరిశీలించినవారు

ఆగస్టు 1

తైపేలో జరిగే సాఫ్ట్‌వేర్ సభ వాళ్ళు చిరుగంట గురించి నాలుగు ముక్కలు రాసి పంపమన్నారు. రాశాను. భూకంప హెచ్చరిక అందగానే గోడ మీది చిన్న పెట్టె చేత గట్టిగా అరిపించే సాఫ్ట్‌వేర్. ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, కోడ్ విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. బడుల్లో, గుళ్ళలో, వృద్ధాశ్రమాల్లో వాడుతున్నారు. తొమ్మిదేళ్ళుగా నేను నడుపుతున్నాను.

'నేను' దగ్గర ఆగాను. కొట్టేసి 'మేమిద్దరం' అని రాశాను. చదువుకున్నాను. మళ్ళీ 'నేను' అని దిద్ది పంపేశాను.

ఆగస్టు 5

యూపింగక్క ఫోన్ చేసింది. ఆ ఇద్దరిలో రెండో మనిషి. బొమ్మలాట ట్రూపులో సౌండ్ చూస్తుంది. కోడ్ రాసేది లారీ ముందు సీట్లో కూచుని. ఇన్నేళ్ళలో ఎదురెదురుగా కలిసింది మూడు నాలుగు సార్లే.

కొత్త వెర్షన్ 4.0లో హెచ్చరిక సందేశాలు అందుకునే భాగమంతా నేను కొత్తగా రాశాను. రాసినవాళ్ళు కాక రెండోవాళ్ళు చూశాకే విడుదల. అది మేం పెట్టుకున్న నియమం. అక్క దగ్గర పాత రకం పెట్టె ఒకటుంది, లారీలో వేలాడుతూ ఉంటుంది. దాని మీద నడిపి చూడందే సరే అననంటుంది. ఇంకో రెండు వారాలు ఆగరా బోషున్, అంది. పెంగూ దీవికి పోతున్నాం, అక్కడ గుడి ఉత్సవం, ఆ తర్వాత చనిపోయినవాళ్ళకి పెట్టే దయ్యాల నెల, ఊరూరా ఆటలే, పెట్టె ముట్టుకునే తీరిక లేదు. ఇప్పటిదాకా చూసింది బాగానే ఉంది, మిగతాది కూడా చూడనీ, నీకేమైనా ముహూర్తం మించిపోతోందా, అంది.

సభ తొమ్మిదో తేదీన అని చెప్పలేదు. సరే అక్కా, అన్నాను.

ఆగస్టు 8, ఉదయం

టెస్టులన్నీ పాసై పచ్చగా ఉన్నాయి. ఇక్కడ, నా బల్ల మీది కొత్త పెట్టెలో.

అక్కకి మెసేజ్ పెట్టాను. చూడలేదు. ఫోన్ చేశాను. కలవలేదు. పడవలో ఉందేమో.

రేపు స్టేజి ఎక్కి 'త్వరలో వస్తుంది' అని చెప్పాలా? పోయినేడాది కూడా అదే చెప్పాను. ముందు వరసలో ఎవరో నవ్వారు.

అదే రోజు, మధ్యాహ్నం

విడుదల చేశాను.

విడుదల పేజీలో 'పరిశీలించినవారు' అనే గడి ఉంటుంది. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. ఆ అడ్డం పెట్టింది నేనే. ఇప్పటిదాకా చూసింది బాగానే ఉంది అందిగా అనుకున్నాను. 'ఇప్పటిదాకా' అన్న మాటని నాలోనే ఎక్కడో కింద పడేశాను. గడిలో జ్యెన్ యూపింగ్ అని కొట్టాను.

చెయ్యి ఆగలేదు. ఇది రాసి పెట్టుకోవాలి. ఒక్క క్షణం ఆగానని రేపు నాకు నేనే చెప్పుకుంటానేమో. ఆగలేదు.

ఆగస్టు 9

చప్పట్లు బాగా కొట్టారు. ఫోటోలు తీసుకున్నారు. తైనాన్ బడిలో పనిచేసే ఒకాయన వచ్చి, పిల్లలకి మీ గంట పాటలాగా అలవాటైపోయింది సార్, అన్నాడు. పెద్దవాడు, నాకు వంగి నమస్కారం పెట్టాడు.

ఇంటికొచ్చాక నా భార్య వన్‌లింగ్ అడిగింది. మీ అక్క ఏమంది? సంతోషించిందా?

ఇంకా చూడలేదు, పడవలో ఉంది, అన్నాను.

సంతోషంగానే ఉన్నాను ఇవాళ. అదీ రాయాలి.

ఆగస్టు 12

అక్క మెసేజ్. విడుదల చేసేశావా. ప్రశ్న గుర్తు కూడా లేదు. టెస్టులన్నీ పాసయ్యాయి, నువ్వు దొరకలేదు అని రాశాను. గడి సంగతి రాయలేదు. సరేలే, తీరిక దొరికినప్పుడు లారీలో పెట్టెకి ఎక్కించి చూస్తా, అంది.

ఆగస్టు 25

చిరుగంట 4.0ని జనం బాగానే ఎక్కించుకుంటున్నారు. ఫిర్యాదులు లేవు. అక్క ఇంకా చూడలేదు, ట్రూపుకి రోజుకి రెండు ఆటలట. నేనూ గుర్తు చెయ్యలేదు.

సెప్టెంబర్ 3, మధ్యాహ్నం

లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చిన ఫ్యాక్టరీ మెట్ల మీద కూచుని రాస్తున్నాను. లిఫ్టు ప్యానెల్ ఒకటి సగం విప్పి వదిలి వచ్చాను.

ఈ పొద్దున పది గంటలకి పరీక్ష సందేశం వచ్చింది. ఏటా భూకంప విన్యాసాలకి ముందు ప్రభుత్వం వాళ్ళు పంపుతారు, కొత్తేమీ కాదు. ప్రతి సందేశంలో ఇది పరీక్షా, నిజమా అని చెప్పే చిన్న గుర్తు ఉంటుంది. పరీక్ష అయితే పెట్టె మాట్లాడకూడదు. పాత పెట్టెలకి సందేశం పాత పద్ధతిలో అందుతుంది. ఆ పద్ధతిలో గుర్తు వేరే చోట ఉంటుంది. నా కొత్త కోడ్ అక్కడ చూడటం లేదు.

పాత పెట్టెలన్నీ అరిచాయి. బలమైన భూకంపం, బలమైన భూకంపం అని.

యిలాన్ దగ్గర చెన్‌షిన్ వృద్ధాశ్రమం నుంచి లాన్ అనే ఆవిడ ఫిర్యాదులు పెట్టే ఇష్యూల పేజీలో రాసింది. అక్కడి వార్డెనట. మా అవ్వ ఒకావిడ వసారాలో కుర్చీలో కూచుని ఉంది, గంట విని లేచి పరిగెత్తబోయి పడింది, తుంటి ఎముక విరిగింది, అంబులెన్సులో పంపించాం. భూకంపం లేదు ఏమీ లేదు. ఈ పెట్టెకి బాధ్యులు ఎవరు?

సాయంత్రం

దిద్దాను. కోడ్‌లో ఒక్క వరుస. టీ చల్లారేలోపు అయిపోయింది.

అక్క ఈసారి వెంటనే దొరికింది. ఆట మధ్యలో వదిలేసి లారీలోకి పరిగెత్తింది. ముందు 4.0నే తన పెట్టె మీద పెట్టి చూసిందట, తప్పు ఎలా ఉందో చూద్దామని. పెట్టగానే అరిచింది తమ్ముడూ, అంది. మొదటిసారే. ఇంకేమీ చెయ్యక్కర్లేకపోయింది.

తర్వాత నా దిద్దుబాటు పెట్టి చూసింది. నిజం సందేశానికి అరిచింది, పరీక్షకి ఊరుకుంది. మళ్ళీ మళ్ళీ చూసి, ఇప్పుడు పంపు, అంది. పంపాను.

సెప్టెంబర్ 4

పేజీ నిండా తిట్లు. నన్ను కాదు.

పరిశీలించిందెవరు అని ఒకడు అడిగాడు. ఇంకొకడు పేరు వెతికి పెట్టాడు. ఆ తర్వాత అందరూ అటే. ఈ యూపింగ్ గారు కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు? చూసి సంతకం చేశారా, నిద్రలో చేశారా? ఒకడైతే, బొమ్మలాడించే వాళ్ళ చేతికి మనుషుల ప్రాణాలు ఇస్తే ఇంతే, అని రాశాడు. దాని కింద నవ్వు బొమ్మలు.

దీన్ని నడిపే మెయింటైనర్‌ని కదా, నాకు మాత్రం ఓదార్పులు. పాపం మెయింటైనర్ ఒక్కడే ఎంతని చేస్తాడు.

జవాబు రాశాను. చెరిపాను. మళ్ళీ రాశాను. ఆఫీసులో ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాను. పిలవకపోయినా చెరిపేవాణ్ణే.

సెప్టెంబర్ 5

అక్క ఫోన్ చేసింది. తీశాను. తిడుతుందనుకున్నాను.

నేనే ఏదో అని ఉంటానురా, అంది. పాత మెసేజ్‌లు, మాటలు అన్నీ నెమరేసుకున్నా. బాగానే ఉంది అన్నట్టు గుర్తుంది. దేన్ని గురించి అన్నానో తెలీట్లేదు. ఈ నెల్రోజులు నిద్ర లేదు, మైకు ఎక్కడ పెట్టానో కూడా గుర్తుండట్లేదు. నువ్వు నా మాట నమ్మి విడుదల చేశావు. నా వల్ల నీకూ చెడ్డపేరు. ఏమీ అనుకోకురా.

ఫరవాలేదక్కా, అన్నాను.

ఫరవాలేదక్కా అన్నాను. ఆ మాట అన్నది ఈ నోరే. ఫోన్ పెట్టేశాక అద్దంలో నా మొహం చూడలేక బాత్రూం లైటు తీసేసి చేతులు కడుక్కున్నాను.

సెప్టెంబర్ 6

అన్నం తిన్నాను. పేజీ చూశాను. ఏమీ రాయలేదు.

సెప్టెంబర్ 9

అక్క తన పేరు మీద క్షమాపణ రాసింది. నాలుగే వాక్యాలు. సరిగా చూడకపోవడం నా తప్పు, అవ్వకీ ఆమె కుటుంబానికీ తల వంచుతున్నాను, మెయింటైనర్‌గా తప్పుకుంటున్నాను, బోషున్‌ని ఏమీ అనకండి.

అంతటితో ఊరుకోలేదు. నిన్న ఆట మానుకుని యిలాన్ ఆసుపత్రికి వెళ్ళిందట. పంపరపనస పళ్ళ సంచీ పట్టుకుని. అవ్వ ఆపరేషన్ అయి మత్తులో ఉంది. ఆమె కొడుకు వసారాలో అందరి ముందూ కేకలేశాడు. మీకు పనీపాటా లేక ఆడుకునే ఆటలకి మా అమ్మ కావలసొచ్చిందా అన్నాడు. పళ్ళు తీసుకోలేదు. అక్క వంగి అలాగే నిలబడిందట, ఆయన అరవడం అయ్యేదాకా.

తిట్టనీలేరా, తిట్టాలి కదా, అంది ఫోన్లో. గొంతు బొంగురుపోయి ఉంది. ఆ పళ్ళు ట్రూపులో పిల్లలకి పంచేశా.

సెప్టెంబర్ 10, ఉదయం

వన్‌లింగ్‌కి చెప్పాను. గుడ్డట్టు ముక్క నోటి దాకా తీసుకెళ్ళి దించేసింది. 

తర్వాత, నాకు సరిగా అర్థమైందో లేదో చెప్పు, అంది. నువ్వు పెట్టాల్సిన దండం ఆవిడ పెట్టొచ్చింది. నువ్వు ఇక్కడ కూచుని సోయాపాలు తాగుతున్నావు.

అవును, అన్నాను.

గ్లాసు తీసుకుపోయి సింకులో పారబోసింది. ఇంకా సగం ఉంది.

సెప్టెంబర్ 13

శీలో అనే ఊరికి వెళ్ళాను, అక్క ట్రూపు అక్కడుంది. గుడి ముందు లారీ తెరిచి స్టేజి చేశారు. పగటి ఆట ఇంకా మొదలు కాలేదు. ముందు కుర్చీల్లో ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కుక్క. అక్క వెనక వైరు చుడుతోంది. నన్ను చూసి మొహం ఇంత చేసుకుంది. అరె, ఇంత దూరం వచ్చావేంటిరా, తిన్నావా, మాంసం ముద్దలు ఉన్నాయి, వేడిగా ఉన్నాయి తిను, అంది.

తీసుకున్నాను. ముద్ద చేతిలో పట్టుకునే చెప్పాను. గడిలో నీ పేరు రాసింది నేను. నువ్వు ఆగమన్నావు. నేను ఆగలేదు. నీకు గుర్తు లేకపోవడం కాదు, నువ్వు అనలేదు.

వైరు చుట్టడం ఆపలేదు. మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టుకుంటూనే ఉంది. ఎప్పుడు రాశావు, అని అడిగింది. ఎనిమిదిన మధ్యాహ్నం. అప్పుడు నేను పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటున్నా, అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

నాకు మతి పోతోందేమో అనుకున్నానురా. మా అమ్మకి యాభై దాటగానే మొదలైంది. నాకూ వచ్చిందనుకున్నా. డాక్టరుకి చూపించుకుందామని ఊళ్ళో అడిగి పెట్టుకున్నా. నా బుర్రని నేనే అనుమానించుకునేలా చేశావు కదరా.

నేను ఏదో అనబోయాను. ఉండు, అంది. గడిలో పేరు రాయడం తొందర. తొందర నాకు తెలుసు, స్టేజి వెనకే బతికేదాన్ని. ఫోన్లో నేను ఏమీ అనుకోకురా అంటే ఫరవాలేదక్కా అన్నావు చూడు. అదేంటి? దాన్ని ఏమంటారు? చెప్పు.

ముద్దని చేతిలో అటూ ఇటూ తిప్పాను.

చేతనైనప్పుడు చెప్పు, అంది. నన్ను క్షమించమని మాత్రం ఇప్పుడు అడక్కు. మైకులు చూసుకోవాలి. పక్కకి జరుగు, వైరు తొక్కుతున్నావు.

ఆట మొదలైంది. స్పీకర్లలోంచి తాళాలు, తప్పెట్లు. ఆ శబ్దాన్ని ఎక్కువ తక్కువ కాకుండా ఆవిడ వేలు సర్దుతూనే ఉంది. ముద్ద చల్లబడిపోయింది. బస్సులో తిన్నాను, పారెయ్యడానికి సిగ్గేసి.

సెప్టెంబర్ 14

పొద్దున్నే ఒప్పుకోలు రాసి వన్‌లింగ్‌కి చూపించాను. మొదటి పేరా కొట్టేసింది. తొమ్మిదేళ్ళు జీతం లేని పని, అలసట, ఒంటరితనం అని రాసుకున్నాను అందులో. ఇదీ నిజమే కదా, అన్నాను. నిజమే, ఇక్కడ కాదు, అంది.

మిగిలింది ఇది. పరిశీలించినవారు అన్నచోట జ్యెన్ యూపింగ్ పేరు రాసింది నేను. ఆవిడ చూడలేదు. చూసేదాకా ఆగమని చెప్పింది. సభలో గొప్ప కోసం ఆగలేదు. అందరూ ఆవిడని తిడుతుంటే చదువుతూ కూచున్నాను. ఆవిడ నాకే క్షమాపణ చెబితే పుచ్చుకున్నాను. విడుదల చేసే హక్కు నా దగ్గర ఉండకూడదు. ఇవాళ్టితో వదిలేస్తున్నాను.

పేజీలో పెట్టేశాను.

సెప్టెంబర్ 15

తిట్లు వచ్చాయి. వాటితో కాస్త ఊపిరాడింది. కానీ తిట్ల కన్నా ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ, ఇలాంటి వాళ్ళు అరుదు. ఎర్ర గుండె బొమ్మలు వరసగా.

అక్క క్షమాపణ కింద ఒక్క గుండె లేదు.

పేజీ మూసేశాను.

సెప్టెంబర్ 22

అక్క తిరిగి వచ్చింది. నాతో మాట్లాడలేదు. పేజీలో రాసింది. విడుదల తాళాలు ఇక నా దగ్గర ఉంటాయి. తైనాన్ బడి ఆయన రెండో మనిషిగా చూస్తానన్నారు. బోషున్ కోడ్‌లో మార్పులు పంపవచ్చు, అందరిలాగే.

అందరిలాగే.

అక్టోబర్ 12, ఆదివారం

చెన్‌షిన్ ఆశ్రమానికి వెళ్ళాను. ముందు లాన్ మేడమ్ గదిలో నిలబెట్టి మాట్లాడింది. కూచోమనలేదు. గోడ మీద పెట్టె లేదు. నాలుగు మేకు కంతలు, వాటి చుట్టూ తెల్లటి చదరం. ఇప్పుడొచ్చావా, అంది. అవును, అన్నాను. ఎందుకు? చూడ్డానికి. చూసి? తెలీదండీ, అన్నాను. ఆ జవాబు నచ్చినట్టుంది, లోపలికి తీసుకెళ్ళింది.

అరుయ్ అవ్వ చిన్న మనిషి. దుప్పటి కింద ఉందో లేదో తెలీనంత. లాన్ మేడమ్ ఆమె చెవిలో గట్టిగా చెప్పింది, గంట పెట్టె చేసింది ఇతనే అని. నేను తల వంచి నిలబడ్డాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. నువ్వేనా, అంది. ఎంత గట్టిగా అరిచిందిరా నాయనా! పదేళ్ళ నించీ నాకు చెవుడు, టీవీ వినపడదు, మనవరాలి పెళ్ళి మేళం వినపడలేదు. అది వినపడింది. బాగా చేశావు.

బాగా చేశావు, అని చెయ్యి నిమిరింది.

నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. బయటికొచ్చాక లాన్ మేడమ్ అంది. ఆవిడ మంచితనాన్ని నీ ఖాతాలో వేసుకోకు. అన్నం బండి చక్రాలకి నేల అదిరితే మంచం కమ్మీ పట్టుకుంటుంది. నడిచే మనిషి, పొలం పని చేసిన మనిషి, ఇప్పుడు బాత్రూంకి కూడా లేవనంటోంది. లేపేవాళ్ళు కావాలి నాకు. వచ్చేవాడివైతే ప్రతి ఆదివారం రా. మానేసేవాడివైతే ఇప్పుడే మానెయ్, ఆవిడ ఎదురుచూడ్డం మొదలుపెట్టకముందు.

నవంబర్ 6

మొదటి మార్పు పంపాను. అక్క తిప్పి పంపింది. టెస్టు ఏది? అంతే రాసింది.

నవంబర్ 7

టెస్టు రాసి మళ్ళీ పంపాను. మళ్ళీ తిప్పి పంపింది. ఈ టెస్టు ఎప్పుడూ పాసే అవుతుంది, తప్పు పెట్టి నడిపి చూశావా?

చూడలేదు. చూశాను. తప్పు ఉన్నా పాసయింది. ఆవిడ చెప్పింది నిజం.

నవంబర్ 16, ఆదివారం

అవ్వ మంచం మీంచి కాళ్ళు కిందికి వేసింది. నిలబడబోతుంటే నా జేబులో ఫోన్ అదిరింది, నన్ను ఆనుకున్న ఆమె ఒంటికి తగిలింది. కూలబడిపోయింది. అరగంట పట్టింది ఊపిరి కుదురుకోడానికి.

ఇక ఫోన్ తీసుకెళ్ళను.

డిసెంబర్ 21

అక్క ఫోన్ చేసింది, శీలో ఊళ్ళో కలిసిన తర్వాత మొదటిసారి. పని మాటే. 4.1 ఎప్పుడు విడుదల చేద్దాం అని. నువ్వు సరే అన్నప్పుడు అక్కా, అన్నాను. నేను అడిగింది నీ అభిప్రాయంరా, వినయం కాదు, అంది.

పాత పెట్టెలున్న వాళ్ళందరినీ ముందు అడగాలి, అన్నాను. పరీక్ష సందేశం వచ్చే ముందు రోజు వాళ్ళకి చెప్పాలి.

ఫోన్లో ఆవిడ వెనక ఎవరో తప్పెట సరిచేస్తున్నారు. అప్పుడు చెప్పాను. నువ్వడిగావు కదా అక్కా, దాన్ని ఏమంటారని. నీ తప్పు కాదని తెలిసీ నిన్ను మొయ్యనిచ్చాను. దానికి వేరే పేరు లేదు. దొంగతనమే.

ఊఁ, అంది. చలి ఎక్కువగా ఉందా అక్కడ? స్వెట్టర్ వేసుకో, అంది. పెట్టేసింది.

క్షమించిందని రాయడం లేదు. స్వెట్టర్ వేసుకోమంది, అంతవరకే రాస్తున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

అవ్వ వాకర్ పట్టుకుని తలుపు దాకా. రబ్బరు చెప్పులు వేసుకుని పక్కన నడిచాను, నేల అదరకుండా. లాన్ మేడమ్ చూసింది. ఇవాళ కుర్చీ వేసింది నాకు.

మార్చి 1, ఆదివారం

కిటికీ దాకా నడిచింది. ఇటు వైపు కార్లు నిలిపే చోటు, గోడ, వాన. నాట్లు పడ్డాయా, అని అడిగింది. పడ్డాయి అవ్వా, అని చెవిలో గట్టిగా అన్నాను, సంతోషిస్తుందని.

చూశావా, అంది.

లేదు. చూడలేదు.

అయితే వెళ్ళి చూసిరా.

గొడుగు లేదు. వెళ్ళాను. గోడ చుట్టూ తిరిగి, కాలవ దాటితే పొలాలు. సగంలో నాట్లు పడ్డాయి. సగం ఇంకా నీళ్ళు, కొంగలు. తిరిగొచ్చేసరికి నిద్రపోతోంది. తడిబట్టలతో కూచున్నాను, లేచాక చెబుదామని.